కొడిగట్టని యంత్రాలకు ఒక కాపలా దీపం

ప్రమిదలో చమురు తగ్గితే ఆ సంగతి దీపమే చెబుతుంది. ఒత్తి కొడిగడుతుంది, వెలుగు ఎర్రబడుతుంది, మంట చిన్నదవుతుంది. ఇంట్లో ఎవరో ఒకరు లేచి కొడి దులిపి, చమురు పోస్తారు. మన పెద్దలు వాడిన బ్యాటరీ లైటు కూడా ఈ విషయంలో దీపం వంటిదే. సెల్లులు నీరసిస్తున్న కొద్దీ దాని వెలుగు పసుపు పచ్చగా, ఆపైన నారింజ రంగుగా మారేది. ట్రాన్సిస్టరు రేడియో గొంతు సన్నగిల్లి బొంగురుపోయేది. అప్పుడు సెల్లులు తీసి కాసేపు ఎండలో పెట్టి, మళ్ళీ రేడియోలో వేసి మరికొంతసేపు వార్తలు వినడం తెలుగునాట ఎన్నో ఇళ్ళలో జరిగిన పనే. అందులో మంత్రమేమీ లేదు. వెచ్చదనానికి సెల్లు లోపలి రసాయన చర్య కాస్త చురుకుదేరి, మరికొంత విద్యుత్తు బయటికి వచ్చేది.

ఈనాటి ఎలక్ట్రానిక్ పరికరాలకు ఈ గుణం లేదు. అవి కొడిగట్టవు. చివరి నిమిషం దాకా నిండు ఆరోగ్యంతో ఉన్నట్లే కనిపించి, ఆ తరువాత ఒక్కసారిగా కూలిపోతాయి. కారణం రెగ్యులేటరు అనే చిన్న చిప్పు. లోపలి భాగాలకు 5 వోల్టులు కావాలనుకుందాం. బ్యాటరీ ఇచ్చే 9 వోల్టులను 5కు దించి, అక్కడే నిలిపి ఉంచడం రెగ్యులేటరు పని. బ్యాటరీ 9 నుండి 8కి దిగినా, 8 నుండి 7.5కు దిగినా లోపలికి అందేది మాత్రం 5 వోల్టులే. అందువలన పరికరానికి తన బలం తరిగిపోతున్నదన్న స్పృహ ఉండదు. విరివిగా వాడే 7805 రకం రెగ్యులేటరుకు, అది ఇవ్వవలసిన 5 వోల్టులకు పైన మరో 2 వోల్టుల దాకా ఆధిక్యం కావాలి. అనగా బ్యాటరీ 7 వోల్టుల కిందకు దిగితే దాని పట్టు సడలుతుంది. అది మెట్లు దిగడం కాదు, గట్టు అంచున కాలు జారడం.

ఈ వ్యాసంలో నేను చేయదలచిన ప్రతిపాదన ఒక్కటే. ప్రవాసంలో పెరుగుతున్న మన పిల్లలు రోబోట్ల వంటి ఆటబొమ్మలకు ప్రోగ్రాములు వ్రాయడం మొదలుపెట్టిన తొలి రోజులలోనే, బ్యాటరీ నీరసించినప్పుడు వెలిగే ఒక హెచ్చరిక దీపాన్ని తమ చేతులతో తాము కట్టుకోవాలి. అది కొని తెచ్చినది కాకూడదు, ప్రోగ్రాములో ఒక వాక్యంగా వ్రాసినదీ కాకూడదు. రెసిస్టర్లు వంచి, తీగలు గుచ్చి కట్టినదై ఉండాలి. ఇంత చిన్న పనికి ఇంత పట్టుదల ఎందుకో వివరిస్తాను.

తప్పు ఎక్కడ ఉన్నది?

పది పన్నెండేళ్ళ పిల్లలు కట్టే మరబండిని ఉదాహరణగా తీసుకుందాం. రెండు మోటార్లు, నేలమీది నల్ల గీతను గుర్తించే సెన్సార్లు, ఒక ఆర్డుయినో బోర్డు, ఆరు డబుల్ ఏ సైజు సెల్లులు. ఆర్డుయినో 2005లో ఇటలీలోని ఐవ్రియా పట్టణంలో విద్యార్థుల కోసం పుట్టింది. నేడు ప్రపంచమంతటా పిల్లల చేతుల్లో ఉన్నది. ఆ బోర్డులలో ప్రసిద్ధమైన ఊనో రకానికి 7 నుండి 12 వోల్టుల మధ్య సరఫరా ఇవ్వవలసిందని తయారీదారులే సూచించారు. ఆరు కొత్త ఆల్కలైన్ సెల్లులు కలిస్తే 9 వోల్టుల పైచిలుకు. అంతా సవ్యంగానే నడుస్తుంది.

కొన్నాళ్ళకు, నిన్న చక్కగా నడిచిన బండి నేడు నడవదు. మలుపు తిరగబోయి ఠక్కున ఆగి, మొదటి నుండి ఆరంభిస్తుంది. లేదా గీత లేని చోట గీత ఉన్నదని భ్రమిస్తుంది. మోటార్లు జోరందుకునే క్షణంలో ఎక్కువ విద్యుత్తు లాగుతాయి. నీరసించిన సెల్లులు ఆ భారానికి కుంగుతాయి. రెగ్యులేటరు పట్టు తప్పుతుంది. మైక్రోకంట్రోలరు మూర్ఛపోయి తిరిగి లేస్తుంది. కాని పిల్లవాడికి ఇదేమీ కనపడదు. కనపడేది తాను వ్రాసిన ప్రోగ్రాము మాత్రమే. కాబట్టి తప్పు అందులోనే ఉన్నదని నమ్ముతాడు. తల్లిదండ్రులు సాఫ్ట్‌వేరు వృత్తిలో ఉన్నవారైతే ఇక చెప్పనక్కరలేదు. ముగ్గురూ కలిసి ఆ ప్రోగ్రామునే ముందు వేసుకుని కూర్చుంటారు. సరిగ్గా ఉన్న వాక్యాలను దిద్దుతారు. ఈలోగా విశ్రాంతి దొరికిన సెల్లులు కాస్త కోలుకుంటాయి, బండి కాసేపు నడుస్తుంది. దిద్దుబాటు ఫలించిందని సంతోషిస్తారు. అయిదు నిమిషాలకు మళ్ళీ మొదటికి వస్తుంది.

నష్టం ఒక సాయంకాలంతో పోయేది కాదు. లేని తప్పును వెతికి వెతికి విసిగిన పిల్ల, తనకు ఈ విద్య అబ్బదని తీర్మానించుకునే ప్రమాదం ఉన్నది. అంతకన్న లోతైన నష్టం మరొకటి ఉన్నది. కారణం లేకుండా చెడి, కారణం లేకుండా బాగుపడే వస్తువును చూసిన పిల్లలకు, యంత్రం అంటే అర్థం కాని తంతు అన్న భావం స్థిరపడుతుంది. శాస్త్రబుద్ధికి ఇంతకన్న శత్రువు లేదు. ఒక చిన్న ఎర్ర దీపం సకాలంలో వెలిగి ఉంటే ఆ బుద్ధికి రక్షణ దొరికేది.

ప్రోగ్రాముతోనే కొలవరాదా?

ఆలోచనాపరులైన పాఠకులకు ఈ ప్రశ్న రాకపోదు. మైక్రోకంట్రోలరుకు వోల్టేజి కొలిచే శక్తి ఉన్నది కదా, బ్యాటరీ వోల్టేజిని దానిచేతనే కొలిపించి, తగ్గినప్పుడు దీపం వెలిగించమంటే సరిపోదా?

ఇక్కడే అసలు పాఠం ఉన్నది. మామూలుగా ఆ చిప్పు తనకు అందే 5 వోల్టుల సరఫరానే కొలబద్దగా పెట్టుకుని కొలుస్తుంది. బ్యాటరీలో మూడో వంతును దానికి చూపించామనుకుందాం. బ్యాటరీ 7 వోల్టులున్నప్పుడు మూడో వంతు 2.33. కొలబద్ద 5 కనుక నిష్పత్తి 0.467. ఇప్పుడు బ్యాటరీ 6.3కు పడిపోయి, దానితో సరఫరా కూడా 4.5కు కుంగిందనుకోండి. మూడో వంతు 2.1, కొలబద్ద 4.5, నిష్పత్తి మళ్ళీ 0.467! బ్యాటరీ 0.7 వోల్టు పడిపోయినా ప్రోగ్రాముకు కనిపించే అంకె అణువంతైనా మారదు. బట్టల కొట్టులో గుడ్డతో పాటు గజంబద్ద కూడా కుంచించుకుపోతే కొలత ఎప్పుడూ సరిగ్గానే కనిపిస్తుంది మరి.

చాలా చిప్పులలో ఇందుకు విరుగుడుగా, సరఫరాతో నిమిత్తం లేని చిన్న ప్రమాణ వోల్టేజి ఒకటి లోపలే అమర్చి ఉంటుంది. తెలిసినవారు దానిని వాడి సరిగ్గా కొలవగలరు. నిజమే. కాని ప్రోగ్రాము నిలిచిపోతే ఆ కాపలా కూడా నిలిచిపోతుంది. కాపలా కాసేవాడు ఎవరికి కాపలా కాస్తున్నాడో వారి భుజం మీదే ఆనుకుని నిలబడరాదు. అతనికి తనదైన ఆధారం, తనదైన ప్రమాణం ఉండాలి. ఈ సూత్రం పిల్లల బొమ్మకు ఎంతో, వైద్య పరికరాలకూ విమానాలకూ అంతే. దానిని పుస్తకంలో చదివించడం కన్న పదేళ్ళ వయస్సులో చేతికి తెలిసేలా చేయడం మేలు.

నాలుగు లక్షల లెక్క

దీని నిర్మాణం తేలిక. కావలసినవి: ఎల్‌ఎమ్ 393 అనే కంపారేటరు చిప్పు, ఎల్‌ఎమ్ 385 రకంలో 2.5 వోల్టుల ప్రమాణ డయోడు, లక్ష ఓముల రెసిస్టర్లు నాలుగు, 2,200 ఓములది ఒకటి, 22 లక్షల ఓములది ఒకటి, 10 మైక్రోఫారడ్ల సెరామిక్ కెపాసిటరు, ఒక ఎర్రని ఎల్‌ఇడి, బ్రెడ్‌బోర్డు. అన్నీ కలిపినా ఒక పూట పిజ్జా ఖరీదుకు మించవు.

కంపారేటరు అంటే తక్కెడ. ఒక సిబ్బెలో ప్రమాణం, మరొక సిబ్బెలో సరుకు. ప్రమాణ డయోడు బ్యాటరీ ఎంత ఉన్నా తన కొసల మధ్య 2.5 వోల్టులనే నిలుపుతుంది. దానికి 20 మైక్రోఆంపియర్లు చాలు. లక్ష ఓముల రెసిస్టరు గుండా ఇస్తే 9 వోల్టుల వద్ద 65 మైక్రోఆంపియర్లు అందుతాయి. ఇక సరుకు. మిగిలిన మూడు లక్ష ఓముల రెసిస్టర్లను వరుసగా బ్యాటరీ ధనం నుండి ఋణం వరకు కడితే, అడుగు రెసిస్టరు మీద బ్యాటరీలో సరిగ్గా మూడో వంతు కనిపిస్తుంది. మూడో వంతు 2.5కు సమానమయ్యేది బ్యాటరీ 7.5 వోల్టులున్నప్పుడు. ఈ లెక్కకు కాల్క్యులేటరు అక్కరలేదు. నాలుగో తరగతి పిల్లలు నోటితో చెప్పగలరు. రెసిస్టర్లు ఒక శాతం ఖచ్చితత్వం గలవి కొనడం మంచిది. అయిదు శాతం రకమైతే, తేడాలన్నీ ఒకే వైపు కూడినప్పుడు హద్దు 7 నుండి 8 వోల్టుల మధ్య ఎక్కడికైనా జరగవచ్చు.

చిప్పు 8వ కాలు బ్యాటరీ ధనానికి, 4వ కాలు ఋణానికి కలపాలి. 2వ కాలుకు ప్రమాణం, 3వ కాలుకు మూడో వంతు. ధనం నుండి 2,200 ఓముల రెసిస్టరు, ఎల్‌ఇడి గుండా 1వ కాలుకు తీగ. ఆ చిప్పులో రెండు తక్కెడలుంటాయి. రెండోది మనకు అక్కరలేదు కనుక 5, 6 కాళ్ళను ఋణానికి కలిపి 7ను వదిలివేయాలి. ఈ దీపమంతా బండి స్విచ్చికి తరువాత, రెగ్యులేటరుకు ముందు ఉండాలి. రెగ్యులేటరు తరువాత కడితే మళ్ళీ ఎప్పుడూ 5 వోల్టులే కనిపించి కాపలా వృథా అవుతుంది.

హద్దు ఒకటి చాలదు

ఇంతవరకు కట్టి చూస్తే, హద్దు దగ్గర దీపం వెలగాలా వద్దా అని తడబడుతూ మినుకుమినుకుమంటుంది. మోటారు తిరిగితే వెలుగుతుంది, ఆగితే ఆరుతుంది. దీనికి మందు 1, 3 కాళ్ళ మధ్య కట్టే 22 లక్షల ఓముల రెసిస్టరు. తక్కెడ ఒక వైపు మొగ్గగానే, ఆ మొగ్గును అది కొంచెం బలపరుస్తుంది. ఫలితంగా దీపం సుమారు 7.2 వోల్టుల వద్ద వెలిగితే, మళ్ళీ 7.7 దాటితే గాని ఆరదు. వెలగడానికి ఒక హద్దు, ఆరడానికి మరొకటి. ఈ ఉపాయాన్ని 1934లో ఆటో ష్మిట్ అనే అమెరికా పరిశోధక విద్యార్థి కనిపెట్టాడు. ఆయన అప్పుడు అధ్యయనం చేస్తున్నది స్క్విడ్ అనే సముద్రజీవి నరాలలో సంకేతాలు ప్రయాణించే తీరును. నరం నేర్పిన పాఠం నేడు కోట్లాది చిప్పులలో పనిచేస్తున్నది.

3వ కాలుకు, ఋణానికి మధ్య కెపాసిటరు పెట్టాలి. మోటారు ఒక్క క్షణం కుంగదీసిన వోల్టేజిని చూసి తక్కెడ కంగారు పడకుండా అది అడ్డుకుంటుంది. దాని వలన అడగకుండానే మరో మేలు కలుగుతుంది. స్విచ్చి వేసిన వెంటనే కెపాసిటరు ఖాళీగా ఉండి, నిండడానికి ఒక సెకండు పైన పడుతుంది. అంతసేపూ దీపం వెలిగి ఆరిపోతుంది. కారు తాళం తిప్పగానే ముందున్న హెచ్చరిక దీపాలన్నీ ఒకసారి వెలిగి ఆరడం మనం రోజూ చూసేదే. అది అలంకారం కాదు. వెలగని హెచ్చరిక దీపానికి రెండర్థాలున్నాయి: ఒకటి, ప్రమాదం లేదు. రెండు, దీపమే చెడిపోయింది. మొదట ఒకసారి వెలిగి చూపితేనే తరువాతి మౌనాన్ని మనం నమ్మగలం.

కాపలాదారు జీతం

కాపలాకు కూడా ఖర్చున్నది. మన దీపం వెలగకుండా ఊరకే చూస్తూ ఉండడానికే సుమారు అర మిల్లీఆంపియరు తీసుకుంటుంది. అందులో అధిక భాగం ఎల్‌ఎమ్ 393 చిప్పుదే. స్విచ్చికి తరువాత కట్టమన్నది అందుకే. నిరంతరం మేలుకుని ఉండవలసిన పరికరమైతే, సీమాస్ రకపు తక్కువ ఖర్చు కంపారేటర్లను ఎన్నుకోవాలి.

అమెరికాలోని ప్రతి ఇంటికీ పరిచయమైన పొగ అలారం ఈ పొదుపుకు చక్కని ఉదాహరణ. బ్యాటరీ నీరసిస్తే అది నిరంతరాయంగా మోగదు. నిమిషానికో మారు కిచకిచమంటుంది. అక్కడి ప్రమాణాల ప్రకారం ఆ హెచ్చరిక నిమిషానికి ఒకసారైనా, కనీసం ఏడు రోజులపాటు వినిపించాలి. ఊరికి వెళ్ళినవారు తిరిగి వచ్చేదాకా హెచ్చరించే శక్తి మిగిలి ఉండాలన్న మాట. ఆ కూత తరచు అర్ధరాత్రే మొదలవుతుందని విసుక్కుంటాం. దానికీ కారణమున్నది. రాత్రి చలికి ఇల్లు చల్లబడి బ్యాటరీ వోల్టేజి కాస్త తగ్గి, హద్దు దాటుతుంది. మన పెద్దలు సెల్లులను ఎండలో పెట్టిన కథకు ఇది తలకిందుల రూపం. అయితే నిద్ర చెడిందని బ్యాటరీ పీకి పక్కన పడేసి, కొత్తది వేయడం మరచిపోయే ఇళ్ళు లేకపోలేదు. హెచ్చరికను వినిపించకుండా చేయడం వేరు, హెచ్చరికకు కారణాన్ని తొలగించడం వేరు. ఈ తేడా తెలిసిన పిల్లలే రేపటి ఇళ్ళకూ కర్మాగారాలకూ మంచి కాపలాదారులవుతారు.

పరీక్ష, పొదుపు, జాగ్రత్త

కట్టినది పనిచేస్తున్నదో లేదో తేల్చుకోవడానికి సెల్లులు అరిగేదాకా ఆగనక్కరలేదు. సెల్లుల పెట్టెలో ఒక సెల్లు తీసి ఆ స్థానంలో తీగ ముక్క కలిపితే, అయిదు కొత్త ఆల్కలైన్ సెల్లులకు సుమారు 8 వోల్టులు. దీపం మొదట ఒకసారి వెలిగి ఆరిపోవాలి. రెండు తీసి రెండు తీగలు పెడితే సుమారు 6.4. దీపం వెలిగి అలాగే నిలవాలి. మల్టీమీటరుతో కొలిచి ఆ అంకెలను పిల్లలచేతనే పుస్తకంలో వ్రాయించాలి.

దీపం వెలిగిన సెల్లులను చెత్తబుట్టలో వేయవద్దు. 7.2 వోల్టులంటే సెల్లుకు 1.2. ఆల్కలైన్ సెల్లులో అప్పటికి సత్తువ ఇంకా చెప్పుకోదగినంత ఉంటుంది. చాలదన్నది మన రెగ్యులేటరు మాత్రమే. అవే సెల్లులు గోడ గడియారంలోనో, టీవీ రిమోట్‌లోనో చాలా కాలం పనిచేస్తాయి. సెల్లు అయిపోయిందన్న మాట సెల్లును బట్టే కాక, దాన్ని వాడే పరికరాన్ని బట్టి కూడా ఉంటుందన్నది ఇందులోని మరో పాఠం.

తిరిగి ఛార్జి చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులకు ఈ హద్దు పనికిరాదు. అవి పని చేసినంత సేపూ సెల్లుకు 1.2 వోల్టుల దగ్గరే ఉండి, చివరలో నిట్టనిలువునా పడతాయి. వాటితో అయితే ఎనిమిది సెల్లులు వాడి హద్దును మళ్ళీ లెక్క కట్టాలి. లిథియం సెల్లులను మాత్రం రక్షణ సర్క్యూటు లేకుండా పిల్లల చేతికి ఇవ్వరాదు.

కొనుక్కుంటే పోదా?

వోల్టేజిని అంకెలలో చూపే చిన్న పరికరాలు బజారులో చవకగా దొరుకుతాయి. వాటిని నేను తీసిపారేయను. కాని అవి 7.2 అని చూపిస్తాయే తప్ప, 7.2 ఎందుకన్నది నేర్పవు. హద్దును తానే నిర్ణయించి, తానే లెక్క కట్టి, తానే పరీక్షించిన పిల్లకు ఆ దీపం వెలిగినప్పుడు కలిగే నమ్మకం వేరు. ప్రోగ్రాము తప్పితే తిరిగి వ్రాయవచ్చు. చేతిలోని వస్తువు మాత్రం ప్రకృతి నియమాలకే గాని మన కోరికకు లొంగదు. ఈ రెండో గురువు దగ్గర కూడా మన పిల్లలు కొంతకాలం చదువుకోవాలి.

విడి భాగాలు దొరకవన్న సాకు కూడా చెల్లదు. వీధి చివర విడి భాగాలు అమ్మిన రేడియోషాక్ సంస్థ 2015లో దివాలా తీసిన మాట నిజమే. అయినా తపాలాలో అన్నీ వస్తాయి. సెలవులకు హైదరాబాదు వెళ్ళినవారు కోఠిలోని గుజరాతీ గల్లీలో ఒక గంట గడిపితే, ఏడాదికి సరిపడా భాగాలతో పాటు, పిల్లలు ఎన్నడూ మరచిపోని దృశ్యం కూడా దక్కుతుంది.

సంఘాల నిర్వాహకులకు ఒక విన్నపం. మన వార్షికోత్సవాలలో నృత్యాలకు, పద్య పఠనానికి, వక్తృత్వ పోటీలకు వేదికలున్నాయి. వాటి పక్కన ఒక గదిలో నాలుగు బల్లలు వేసి, పెద్దలూ పిల్లలూ కలిసి ఈ దీపాన్ని కట్టే కార్యక్రమం ఒకటి పెట్టండి. ఒక పూట చాలు. అక్కడ మాటలు తెలుగులో సాగనివ్వండి. హద్దు, ప్రమాణం, భారం, వంతు, తక్కెడ అన్న మాటలు నిఘంటువులో కన్న, చేతిలో తీగ పట్టుకున్నప్పుడు పిల్లలకు సులభంగా పట్టుబడతాయి. ఎవరి దీపాన్ని వారు ఇంటికి తీసుకుపోయి తమ మరబండికి తగిలించుకుంటారు. ఆ తరువాత ఎప్పుడైనా బండి మొండికేస్తే, ప్రోగ్రాము తెరిచే ముందు వారి చూపు మొదట ఆ ఎర్ర దీపం మీద పడుతుంది. ఆ ఒక్క అలవాటు కోసమే ఇంతగా చెప్పడం.